విప్పి మళ్లీ నిలపగలిగే కలప మండపం: చికిత్సా ఉద్యానం కోసం రూపకల్పన

రోగులు సేదదీరడానికి ఆసుపత్రుల వంటి చోట్ల పెంచే తోటను చికిత్సా ఉద్యానం అంటారు. అందులో మండపం కట్టదలచినవారు చాలావరకు పైకప్పు ఆకారంతో ఆలోచన మొదలుపెడతారు. రెండు ప్రశ్నలకు సమాధానం దొరికేదాకా కప్పును గీయవద్దని నా గట్టి సలహా. ఆ నీడలో కూర్చునే మనిషి శరీరం ఏ స్థితిలో ఉంటుందన్నది మొదటి ప్రశ్న. ఈ మండపాన్ని తీసేయవలసిన రోజు వచ్చినప్పుడు దాన్ని ఎవరు, ఏ పనిముట్లతో, ఏ వరుసలో విప్పుతారన్నది రెండోది. కొలతలు, కలప, కీళ్లు, పునాది అన్నీ ఈ రెండింటి మీదే ఆధారపడి ఉంటాయి.

రెండో ప్రశ్న చాలామందికి తొందరపాటుగా తోస్తుంది. అయితే ఆసుపత్రులు, పునరావాస కేంద్రాలు, వృద్ధుల సంరక్షణ గృహాలు ఒకే రూపంలో ఎక్కువ కాలం ఉండవు. కొత్త విభాగం కట్టాలన్నా, వాహనాలు నిలిపే చోటు పెంచాలన్నా ముందుగా కన్ను పడేది తోట మీదే. కాంక్రీటులో పాతిన స్తంభాలు, మేకులతో దిగగొట్టిన దూలాలు ఆ రోజున ముక్కలై చెత్తలోకి పోతాయి. బోల్టులతో నిలిపిన మండపమైతే అదే ఆవరణలో మరో మూలకో, మరో సంస్థకో తరలిపోతుంది. పర్యావరణం దృష్ట్యా కూడా దీనికి విలువ ఉంది. ఎండిన కలప బరువులో సుమారు సగం కార్బన్ ఉంటుంది. కాబట్టి 500 కిలోల పొడి బరువున్న ఒక ఘనపు మీటరు కలప, దాదాపు 900 కిలోల కార్బన్ డయాక్సైడుకు సమానమైన కార్బన్‌ను తనలో నిలిపి ఉంచుతుంది. ఆ కలప కుళ్లనంత కాలం, కాలనంత కాలం మాత్రమే ఆ నిల్వ నిలుస్తుంది. అందుకే ఒక దూలం రెండోసారి పనికి వచ్చిందంటే, కొత్త చెట్టు నరకవలసిన అవసరం తప్పడంతో పాటు పాత నిల్వ కూడా కొనసాగినట్టే.

స్థలం, కొలతలు

స్థలాన్ని తోటలో నిలబడి ఎంచుకుంటే సరిపోదు. రోగి మంచం మీద నుంచి కూడా చూడాలి. పరిశోధకుడు రోజర్ ఉల్రిచ్ 1984లో సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, పిత్తాశయ శస్త్రచికిత్స జరిగిన 46 మంది వివరాలను పోల్చి చూశారు. కిటికీ నుంచి చెట్లు కనిపించిన గదుల్లోని వారు, ఇటుక గోడ మాత్రమే కనిపించిన గదుల్లోని వారికంటే త్వరగా ఇంటికి వెళ్లారు, బలమైన నొప్పి మందులు తక్కువగా తీసుకున్నారు. అధ్యయనం చిన్నదే అయినా మనకు ఒక జాగ్రత్త చెబుతోంది: మండపం దాకా నడిచి రాలేని వ్యక్తికి కనిపించే చెట్టుకు ఆ మండపమే అడ్డు రాకూడదు. కిటికీల నుంచి చూపు సాగే దిశలను తోట పటం మీద ముందుగానే గీసుకుని, వాటికి పక్కగా స్థలం నిర్ణయించాలి.

చక్రాల కుర్చీ పూర్తిగా తిరగడానికి 1500 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఖాళీ కావాలి. రెండు కుర్చీలు ఎదురుపడి దాటడానికి దారి 1800 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి. మంచం మీదే బయటికి తీసుకురావలసిన రోగులుంటే కనీసం ఒక వైపు ప్రవేశాన్ని, ఆ ప్రవేశానికి ఎదురుగా ఉన్న చోటును మంచం మలుపు తిరిగేంత విశాలంగా వదలాలి. ఆరేడుగురు కలిసి కూర్చునే మండపానికి 1200 మిల్లీమీటర్లను ప్రమాణంగా తీసుకుని 3.6 మీటర్లు, 4.8 మీటర్ల నేల కొలత పెట్టుకుంటే ఈ అవసరాలన్నీ ఇముడుతాయి. ఒకే ప్రమాణాన్ని అంతటా పాటిస్తే నేల పలకలు, వెనుక తెరలు ఒకదాని స్థానంలో ఒకటి అమరుతాయి, రేపు మండపాన్ని పొడిగించాలన్నా తగ్గించాలన్నా కొత్త లెక్క అక్కర్లేదు.

వెనుక వైపు మూసి, ముందు వైపు తెరిచి ఉంచండి. వీపుకు రక్షణ, కళ్లకు దూరపు దృశ్యం దొరికే చోట మనిషి కుదుటపడతాడన్న భావనను భూగోళ శాస్త్రవేత్త జే ఆపిల్టన్ 1975లో సిద్ధాంతంగా ప్రతిపాదించారు. ఆందోళనతో బాధపడేవారి విషయంలో దీనికి ఇంకొక మాట చేర్చాలి: బయటికి వెళ్లే దారులు రెండు ఉండాలి. ఎవరైనా లోపలికి వచ్చినప్పుడు, ఒంటరిగా ఉండదలచిన వ్యక్తి వారిని దాటుకుని పోవలసిన అవసరం రాకూడదు. ఆసనాలను ఎదురెదురుగా కాక ఒకదానికొకటి లంబంగా అమరిస్తే మాట్లాడదలచినవారు మాట్లాడుకుంటారు, మౌనంగా ఉండదలచినవారు తోట వైపు చూస్తూ ఉండవచ్చు. ఆసనం ఎత్తు 450 మిల్లీమీటర్లు ఉండాలి. చేతులు ఆనించుకునే పట్టెలు తప్పనిసరి, ఎందుకంటే కీళ్ల నొప్పులున్నవారు వాటి మీద బలం మోపి లేస్తారు. ఆసనాల పక్కన చక్రాల కుర్చీకి కూడా వరుసలోనే చోటు వదలండి. దాన్ని చివర ఎక్కడో నిలబెట్టేలా చేయడం అందులో కూర్చున్నవారిని వేరుచేయడమే అవుతుంది.

ఒక్క దూలం కోయకముందే ఈ కొలతలను నేల మీద తాళ్లతో, అట్టలతో అసలు పరిమాణంలో పరిచి చూడాలి. చక్రాల కుర్చీ వాడేవారిని, ఒక నర్సును, తోటమాలిని పిలిచి అందులో తిరగమనండి. కాగితం మీద ఎంత శ్రద్ధగా గీసినా బయటపడని ఇబ్బందులు అక్కడ బయటపడతాయి.

నీడ, స్పర్శ, శబ్దం

చెక్క పట్టీల మధ్య నుంచి జారే ఎండ ఛాయాచిత్రాల్లో ఎంతో అందంగా ఉంటుంది. మతిమరుపు వ్యాధితో బాధపడేవారికి మాత్రం నేల మీద పడే ఆ నలుపు తెలుపు చారలు మెట్లలాగానో, గుంటల్లాగానో కనిపించవచ్చు. వారు అక్కడే ఆగిపోతారు, లేదా లేని మెట్టును దాటబోయి పడిపోతారు. కొన్ని రకాల మూర్ఛ ఉన్నవారికి, నడుస్తున్నప్పుడు కళ్ల ముందు వెలుగు నీడలు వేగంగా మారడం కూడా ప్రమాదకరమే. అందుకని నడిచే చోటంతా సంపూర్ణమైన కప్పు వేసి, పట్టీల పనితనాన్ని కూర్చునే వారి వెనుక తెరలకు పరిమితం చేయడం మంచిదని నేను భావిస్తాను. చిన్న నమూనా తయారుచేసి ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఎండలో పెట్టి నీడ ఎటు పడుతుందో చూసుకోండి. నేల రంగు, దారి రంగు ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. ఆసనాల రంగు మాత్రం నేల నుంచి స్పష్టంగా వేరుపడాలి.

చేయి తగిలే ప్రతిచోటా కలపే ఉండాలి. ఇంగ్లండులోని ఓల్డమ్‌లో 2017లో ప్రారంభమైన మ్యాగీస్ క్యాన్సర్ కేంద్రంలో తలుపుల పిడులను చెక్కతో చేశారు, ఎందుకంటే కొన్ని కీమోథెరపీ మందులు తీసుకునేవారికి చల్లని లోహాన్ని తాకితే నొప్పి పుడుతుంది. మండపానికి ఇదే సూత్రాన్ని వర్తింపజేస్తే, నేల నుంచి 2 మీటర్ల ఎత్తులోపు బోల్టు తలలన్నీ బయటి ముఖాల వైపు తిరిగి ఉండాలి, లేదా చెక్కలోకి దిగి ఉండాలి. చేతిపట్టు కమ్మీ 40 మిల్లీమీటర్ల వ్యాసంతో గుండ్రంగా ఉంటే బలహీనమైన వేళ్లకు కూడా పట్టు దొరుకుతుంది. చిత్రిక పట్టిన తర్వాత అంచులన్నింటినీ గుండ్రం చేయాలి. పదునైన అంచులే ముందుగా పెచ్చులూడి చేతికి గుచ్చుకుంటాయి.

శబ్దం గురించి కూడా ముందే ఆలోచించాలి. పలుచని రేకు మీద వాన పడితే వినికిడి యంత్రం పెట్టుకున్నవారికి ఆ మోత భరించరానిదవుతుంది. రేకు కింద చెక్క పలకలు, వాటి మధ్య కలప పీచుతో చేసిన మందపాటి పొర ఉంటే ఆ శబ్దం మెత్తబడి వినసొంపుగా మారుతుంది.

కలప ఎంపిక

బయట వాడే కలపలో చేవ ఉన్న భాగానికే విలువ. చేవ చుట్టూ ఉండే లేత చెక్క ఏ జాతి చెట్టుదైనా తొందరగా కుళ్లుతుంది. టేకు చేవ సహజంగానే ఎంతో మన్నికైనది. ఓక్ దాని తర్వాతి స్థాయిలో నిలుస్తుంది. మన్నిక తక్కువైన జాతులను ఎసిటైలేషన్ (కలప నీటిని తక్కువగా పీల్చేలా చేసే రసాయన ప్రక్రియ)తో మెరుగుపరచవచ్చు, అధిక వేడితోనూ మెరుగుపరచవచ్చు. వేడి చేసిన కలప మాత్రం బలాన్ని కొంత కోల్పోతుంది కాబట్టి దాన్ని తెరలకు, నేల పలకలకు వాడాలే తప్ప దూలాలకు వాడకూడదు. క్రోమియం, రాగి, ఆర్సెనిక్ కలిసిన పాత రసాయనంతో శుద్ధిచేసిన కలపను చేతులు తగిలే చోట పూర్తిగా విడిచిపెట్టండి. దాన్ని కాల్చినా, పొట్టు చేసినా విషం మిగులుతుంది గనుక అది పునర్వినియోగపు గొలుసును కూడా తెంపేస్తుంది.

పాత భవనాల నుంచి వచ్చిన కలప దొరికితే దానికే మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి. కాకపోతే లోహ శోధకంతో మేకులన్నీ వెతికి తీయాలి, పాత రంగులో సీసం ఉందేమో పరీక్షించాలి, బలం స్థాయిని అర్హులైనవారితో నిర్ధారింపజేయాలి. కొత్త కలప కొనవలసి వస్తే అడవిని బాధ్యతగా నిర్వహించారని తెలిపే ఎఫ్‌ఎస్‌సీ, పీఈఎఫ్‌సీ వంటి ధ్రువీకరణ ఉన్నదాన్నే అడగండి.

తేమ శాతం 20 దాటకుండా ఉంటే కుళ్లు కలిగించే శిలీంధ్రాలు పెరగలేవు. బయట నీడలో నిలిచే కలపకు పని మొదలుపెట్టే నాటికి 15 నుంచి 18 శాతం తేమ తగినది. కోసిన కొస నుంచి నీరు పక్క ముఖాల కంటే ఎన్నో రెట్లు వేగంగా లోపలికి పోతుంది కాబట్టి ఏ కొసా ఆకాశం వైపు తెరిచి ఉండకూడదు, ఏ కొసా నిలిచిన నీటిలో ఆనకూడదు.

పైపూతగా పొరకట్టే వార్నిషు వద్దు. అది పెచ్చులూడిన చోట నీరు చిక్కుకుంటుంది, మళ్లీ పూయాలంటే మొత్తం గీకవలసి వస్తుంది. లోపలికి ఇంకే నూనె చాలు. అసలేమీ పూయకపోయినా ఎండకు పైపొర వెండి రంగుకు తిరుగుతుంది తప్ప బలం తగ్గదు. అవిసె నూనెతో తడిసిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. వాటిని విడదీసి పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లున్న మూత డబ్బాలో వేయాలి. వాసనలకు వికారం కలిగే రోగులుంటారు కాబట్టి పూత పనిని ప్రారంభానికి చాలా వారాల ముందే ముగించాలి.

కీళ్లు: విప్పడం ఇక్కడే మొదలవుతుంది

ఒక దూలంలో బెజ్జం తొలిచి, మరొక దూలం కొసను అందులో దూర్చి, చెక్క చీల దిగగొట్టే సంప్రదాయ కీలు ఎంతో అందమైనది, విప్పడానికీ వీలైనదే. ఆ పనితనం పట్ల నాకు అపారమైన గౌరవం ఉంది. అయినా ఇలాంటి మండపానికి దాన్ని ప్రధానమైన కీలుగా సిఫారసు చేయను. ఒక స్తంభంలో ఎన్ని బెజ్జాలు తొలిస్తే దాని తర్వాతి ఉపయోగాలు అంతగా తగ్గిపోతాయి. నిలువునా తిన్నగా, ఎక్కువ కోతలు లేకుండా మిగిలిన కలపే రేపు మరో ఆకారంలోకి ఒదుగుతుంది. జపాన్‌లోని ఇసే మందిరాన్ని ప్రతి 20 ఏళ్లకు కొత్తగా నిర్మిస్తారు. 2013లో జరిగింది 62వ పునర్నిర్మాణం. పాత మందిరంలో వెన్నుదూలాన్ని మోసిన స్తంభాలు ఆ తర్వాత మందిరానికి దారితీసే ఉజి వంతెన దగ్గర ద్వారతోరణాలై మరో 20 ఏళ్లు నిలుస్తాయి, ఆపైన ఇంకో చోటికి వెళతాయి. రెండో ఉపయోగం మొదటిదాని రూపంలోనే ఉండనక్కర్లేదని ఆ స్తంభాలు చూపిస్తున్నాయి.

అందుకని జంట దూలాల పద్ధతిని సూచిస్తాను. 150 మిల్లీమీటర్ల చదరపు స్తంభానికి అటొకటి, ఇటొకటి 50 మిల్లీమీటర్ల మందం, 200 మిల్లీమీటర్ల లోతున్న రెండు పట్టెలను ఆనించి, మూడింటి గుండా బోల్టు వేసి బిగించాలి. స్తంభాన్ని ఎక్కడా చెక్కనక్కర్లేదు. పట్టెల కింద చిన్న ఆనుదిమ్మ బిగిస్తే బరువు దాని మీద వాలుతుంది. బిగించేటప్పుడు కూడా పట్టెను దిమ్మ మీద నిలిపి తీరికగా బోల్టు దూర్చవచ్చు, విప్పేటప్పుడు బోల్టు తీసినంత మాత్రాన పట్టె మీద పడదు. కలప నిర్మాణాలకు ఐరోపా ప్రమాణమైన యూరోకోడ్ 5 ప్రకారం, లాగుడు వచ్చే కొస నుంచి బోల్టు దూరం దాని వ్యాసానికి 7 రెట్లు, కనీసం 80 మిల్లీమీటర్లు ఉండాలి. అంటే 12 మిల్లీమీటర్ల బోల్టుకు 84 మిల్లీమీటర్లు. బరువు మోపిన వైపు అంచు నుంచి 4 రెట్లు, అంటే 48 మిల్లీమీటర్లు వదలాలి. వాషరు వ్యాసం బోల్టు వ్యాసానికి 3 రెట్లు ఉండాలి, లేకపోతే నట్టు చెక్కలోకి దిగబడిపోతుంది.

కలప పొడవునా దాదాపుగా కుంచించుకోదు, అడ్డంగా మాత్రం కుంచించుకుంటుంది. వార్షిక వలయాల వెంబడి వచ్చే మార్పు, వాటికి అడ్డంగా వచ్చే మార్పుకు సుమారు రెట్టింపు ఉంటుంది. లోతైన దూలానికి పైన ఒకటి, కింద ఒకటి బోల్టులు వేసి ఇనుప పలకతో గట్టిగా బంధిస్తే, ఎండినప్పుడు కదలడానికి చోటులేక ఆ దూలం మధ్యలో చీలుతుంది. పలకలో ఒక రంధ్రాన్ని కోలగా చేస్తే ఈ ఇబ్బంది తీరుతుంది. కలప ఆరుతున్న కొద్దీ నట్లు వదులవుతాయి కాబట్టి మొదటి ఏడాది రెండుసార్లు బిగించి చూడాలి. ఓక్ వంటి టానిన్ ఎక్కువున్న కలపలో మామూలు ఇనుము తుప్పుపట్టి నల్లని మరకలు వేస్తుంది. తుప్పును బాగా తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వాడండి. జిగురు, మేకులు ఎక్కడా వద్దు. చెక్కలోకి నేరుగా దిగే మరలను కొన్నిసార్లు తీసి బిగిస్తే పట్టు కోల్పోతాయి. తరచూ తీయవలసిన నేల పలకలకు లోహపు మరగొట్టాన్ని ముందుగా చెక్కలో అమర్చి, అందులోకి బోల్టు బిగించడం మేలు. బోల్టుల పరిమాణాలు రెండింటికి మించకపోతే రెండు పానాలతోనే మండపమంతా విప్పవచ్చు.

ప్రతి భాగాన్ని ఇద్దరు మనుషులు మోయగలగాలి. 150 మిల్లీమీటర్ల చదరంతో 2.7 మీటర్ల పొడవున్న స్తంభం, ఘనపు మీటరుకు 500 కిలోలుండే తేలిక కలపదైతే సుమారు 30 కిలోలు, 650 కిలోలుండే టేకైతే 40 కిలోలు తూగుతుంది. అంతకంటే బరువైన జాతిని ఎంచుకుంటే మోసేవారి సంఖ్యను కూడా లెక్కలో వేసుకోవాలి.

పక్కకు ఒరిగిపోకుండా ఏటవాలు బిగింపులు రెండు దిశల్లోనూ, కప్పు తలంలోనూ ఉండాలి. స్తంభం తల దగ్గరి ఏటవాలు చేతులు 2.1 మీటర్ల పైనే మొదలుకావాలి, లేకపోతే చూపు మందగించినవారి తలకు తగులుతాయి. వెనుక తెరల చట్రాలనే ఈ బిగింపుకు వాడుకుంటే ఒకే కలప రెండు పనులు చేస్తుంది.

పునాది, నేల, కప్పు

తీసేయగలిగే మండపానికి మరలాగా నేలలోకి తిరిగి దిగే ఉక్కు కూసాలు అనువైనవి. వెనక్కి తిప్పితే బయటికి వస్తాయి, కాంక్రీటు గడ్డకట్టే దాకా ఆగవలసిన పని ఉండదు. రాతి నేలలో అవి దిగవు. పెద్ద చెట్ల వేళ్ల దగ్గర చేత్తో తవ్వి చూసిన తర్వాతే చోటు నిర్ణయించాలి. అవి కుదరని చోట ముందుగా పోసిన కాంక్రీటు దిమ్మలను నేల మీద పరచి వాడవచ్చు.

తెరిచిన మండపంలో పునాదికి అసలు పరీక్ష కప్పు బరువు కాదు, గాలి. గాలి కప్పును పైనుంచి పీలుస్తుంది, కిందినుంచి నెడుతుంది. నాలుగు వైపులా 600 మిల్లీమీటర్ల చూరు వదిలితే మన కప్పు విస్తీర్ణం 28.8 చదరపు మీటర్లు. ఉదాహరణకు చదరపు మీటరుకు 50 కిలోల చొప్పున పైకి లాగే గాలి వీస్తే మొత్తం 1,440 కిలోల బలం అవుతుంది. చదరపు మీటరుకు 30 కిలోలుండే కప్పు అందులో 864 కిలోలనే ఆపగలదు; మిగతా దాదాపు 580 కిలోలను స్తంభాలు, కూసాలు పట్టి ఉంచాలి, అదీ తగిన భద్రతా గుణకంతో. ఈ లెక్కను ఆ ప్రాంతపు గాలి వేగంతో నిర్మాణ ఇంజనీరు చేయాలి. దాన్ని అంచనాకు వదిలేయకూడదు.

స్తంభం అడుగు ఉక్కు పాదం మీద నేల నుంచి కనీసం 150 మిల్లీమీటర్ల ఎత్తున నిలవాలి. అప్పుడు వాన చిందులు అంతగా తగలవు, చెదలు పైకి పాకితే వాటి మట్టిదారి కంటికి కనిపిస్తుంది. నడిచే నేల మాత్రం దారితో సమానంగా, మెట్టు లేకుండా కలవాలి. ఎత్తు తేడా ఉంటే 20 అడుగులకు ఒక అడుగు కంటే నిటారుగా వాలు ఇవ్వకండి. పలకలను నడిచే దిశకు అడ్డంగా వేసి, వాటి మధ్య సందు 10 మిల్లీమీటర్లు దాటకుండా చూడాలి. చేతికర్ర కొన, చక్రాల కుర్చీ ముందరి చిన్న చక్రం అందులో ఇరుక్కోకూడదు. నేల పలకలను చిన్న చట్రాలుగా చేస్తే ఒక్కొక్కటి ఎత్తి కింద శుభ్రం చేయవచ్చు. త్వరగా అరిగే నేల పలక, చూరు పట్టీ, ఆసనపు చెక్క మిగతా భాగాలను కదిలించకుండానే ఊడి రావాలి. కప్పు నీరు ప్రవేశం మీద కాక మొక్కల పాదుల్లోకి జారేలా వాలు తిప్పండి.

నిలపడం, నమోదు చేయడం, విప్పడం

కార్ఖానాలో మండపాన్ని పూర్తిగా ఒకసారి నిలిపి, విప్పి, ఆ తర్వాతే తోటకు తేవాలి. వీలైతే తోటలో నిలిపే పనిని వేరే వడ్రంగులకు అప్పగించి, వారికి పటాలు మాత్రమే ఇవ్వండి. వారు ఎక్కడ ఆగి ప్రశ్న అడుగుతారో అక్కడ పటం అసంపూర్ణంగా ఉందని తెలుసుకుని సరిదిద్దాలి. ఎన్నో ఏళ్ల తర్వాత విప్పేవారికి అడగడానికి ఎవరూ ఉండరు.

ప్రతి భాగానికీ ఒక సంఖ్య ఉండాలి, దాన్ని కప్పు నీడలో పడే ముఖం మీద ఉలితో చెక్కాలి లేదా కాల్చి ముద్రవేయాలి. కాగితపు చీటీ, రంగు గీత నిలవవు. నమోదు పుస్తకంలో ఆ సంఖ్యకు ఎదురుగా చెట్టు జాతి, బలం స్థాయి, శుద్ధి వివరాలు, బోల్టుల పొడవులు, నిలిపిన తేదీ రాయాలి. విప్పే వరుసను బొమ్మలతో చూపాలి: తాత్కాలిక ఊతం, ఆపై కప్పు, వాసాలు, పట్టెలు, చివరగా స్తంభాలు. ఒక ప్రతిని నిర్వహణ విభాగంలో, మరొకదాన్ని అదనపు బోల్టులతో సహా ఆసనం కింది పెట్టెలో ఉంచండి.

విప్పిన రోజున ప్రతి భాగాన్ని కత్తి మొనతో గుచ్చి చూడాలి. మొన సులువుగా దిగితే ఆ చోట కలప మెత్తబడినట్టు. స్తంభం అడుగు పాడైతే గట్టి కలప తగిలేదాకా కోసి, మిగిలినదాన్ని పొట్టి స్తంభంగానో, చేతిపట్టుకు ఆధారంగానో వాడండి. పాత రంధ్రాల దగ్గర కొత్త బోల్టు వేయవలసి వస్తే కొస దూరాల నియమాన్ని మళ్లీ సరిచూడాలి. బరువు మోసే పనికి తిరిగి వాడే ప్రతి దూలం బలాన్నీ మరోసారి నిర్ధారింపజేయాలి. ఆ పరీక్షలో నెగ్గనివి ఆసనాలుగా, పాదుల అంచులుగా పనికివస్తాయి. ఏ సంఖ్య ఉన్న భాగం ఎక్కడికి వెళ్లిందో, ఎంత పొడవు మిగిలిందో అదే పుస్తకంలో రాసి, ఆ పుస్తకాన్ని కలపతో పాటే కొత్త చోటికి పంపాలి.